కుండ పగిలిన తర్వాత

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మన పెద్దవాళ్ళు సామెత చెప్తారు. కుమ్మరి ఏడాది పొడుగునా కష్టపడి చేసిన కుండలు పగలడానికి దుడ్డుకర్ర ఒక్క దెబ్బ చాలని దాని అర్థం. ఆ దెబ్బ పడ్డాక మిగిలిన ముక్కలు ఏమవుతాయో మాత్రం సామెత చెప్పదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఆ ముక్కల సంగతే.

పగిలిన కుండ ముక్కని తెలుగులో పెంకు అంటాం, చిల్లపెంకు అంటాం. ఎవరినైనా తీసిపారేయాలంటే "చిల్లపెంకు కూడా చేయడు" అని తిడతాం. అంత విలువలేని వస్తువన్నమాట. కానీ చరిత్ర పుస్తకాలు రాసేవాళ్ళని అడిగి చూడండి. రాజుల బంగారం కరిగిపోయింది, చెక్క మేడలు కాలిపోయాయి, తాటాకులు చెదలు తిన్నాయి. పెంకులు మాత్రం ఉన్నాయి. పాతకాలం మనుషులు వాటిని ఊరికే పారేయలేదు కూడా. ఆటకి, రాతకి, గోడకి, పొయ్యికి, అన్నిటికీ వాడుకున్నారు.

కాలిన మట్టి మళ్ళీ మట్టి కాదు

ముందు కొంచెం సైన్సు తెలుసుకోవాలి. కుమ్మరి సారె మీద చేసిన పచ్చికుండ ఎండలో ఆరినా, అది ఇంకా మట్టే. నీళ్ళల్లో వేస్తే నానిపోయి బురదైపోతుంది. కుదరని పచ్చికుండని కుమ్మరి మళ్ళీ పిసికి ఇంకో కుండ చేసుకోవచ్చు. అంటే ఇక్కడ నష్టం ఏమీ లేదు.

అదే కుండని ఆవంలో పెట్టి కాలిస్తే కథ మారిపోతుంది. బంకమట్టి రేణువుల లోపల రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు ఉంటుంది. వేడి సుమారు 500, 600 డిగ్రీల సెల్సియస్‌కి చేరేసరికి ఆ నీరు బయటికి పోతుంది. రేణువుల అమరిక మారుతుంది. ఇక ఎన్నేళ్ళు నీళ్ళల్లో నానబెట్టినా అది బంకమట్టిగా మారదు. అందుకే రెండువేల ఏళ్ళనాటి పెంకు కూడా నిన్న పగిలినట్టే కనిపిస్తుంది.

2004లో రైల్వేస్టేషన్లలో టీకి మట్టి కప్పులు తెచ్చారు. ప్లాస్టిక్ కంటే మంచివే, సందేహం లేదు. కానీ "తాగి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది" అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. అవి ముక్కలవుతాయి, పొడవుతాయి, నేలకి చెడు చెయ్యవు. మళ్ళీ బంకమట్టి మాత్రం అవ్వవు. ఒకసారి కాల్చిన మట్టి మనతోనే ఉండిపోతుంది. పాతకాలం వాళ్ళకి ఈ కెమిస్ట్రీ తెలియకపోయినా విషయం తెలుసు. అందుకే పగిలినదాన్ని దేనికి వాడాలా అని ఆలోచించారు.

వంటింట్లో రెండో ఉద్యోగం

మా అవ్వని "పాతకాలంలో పగిలిన కుండని ఏం చేసేవాళ్ళు?" అని అడిగితే ఆమె నవ్వి, "పారేసేవాళ్ళం కాదు" అంది. అడుగు బాగుండి మూతి పగిలితే దాన్ని మంగలం చేసుకునేవాళ్ళట. మంగలం అంటే గింజలు వేయించుకునే పెంకు. పొయ్యి మీద పెట్టి, ఇసక పోసి, అందులో వడ్లు వేస్తే పేలాలు అవుతాయి. శనగలు వేయిస్తే పుట్నాలు. కొత్త కుండని అంత మంట మీద పెట్టి పాడుచేసుకోవడం ఎందుకు? పగిలినదైతే పోయినా బాధ లేదు. ఎండలో కాళ్ళు కాలినప్పుడు "మంగలంలో వేగినట్టు వేగుతున్నాం" అనే మాట అక్కడినుంచే వచ్చింది.

మెడ దగ్గర తెగిన కుండ మూతి గుండ్రంగా ఉంటే దాన్ని కుదురుగా వాడుకోవచ్చు. ఇంకో కుండ దొర్లిపోకుండా దాని మీద కూర్చుంటుంది. వెడల్పాటి పెంకు అయితే పక్కింటినుంచి నిప్పు తెచ్చుకోవడానికి పనికొస్తుంది. అగ్గిపెట్టె ఖర్చు ఎందుకని ఒక ఇంటి పొయ్యిలోంచి నాలుగు నిప్పు కణికలు ఇంకో ఇంటికి పెంకులోనే వెళ్ళేవి. చిన్న పెంకులో కోడిపిల్లలకి నీళ్ళు పోసేవాళ్ళు. సన్నగా చిల్లు పడ్డ ఓటికుండలో నీళ్ళు నిలవవు గానీ, గింజలు దాచుకోవచ్చు. మొక్కల తొట్టి అడుగున రంధ్రం మీద ఒక పెంకు బోర్లిస్తే నీళ్ళు పోతాయి, మట్టి పోదు. ఈ పని ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో చేస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాను. మంగలం, కుదురు, ఓటికుండ, మూకుడు అనే మాటలు మా తరగతిలో అడిగితే చాలామందికి తెలియలేదు. మనం తమిళనాడులో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం. వస్తువు ఇంట్లోంచి పోతే దాని పేరు కూడా పోతుంది. స్టీలు గిన్నె వచ్చాక మంగలం పోయింది, మంగలంతోపాటు మాట పోయింది. కుండ పగిలితే కనీసం పెంకు మిగులుతుంది. మాట పోతే అదీ మిగలదు.

తొక్కుడుబిళ్ళ ఎంత పాతది?

మదురైకి ఆగ్నేయంగా 12 కిలోమీటర్ల దూరంలో శివగంగ జిల్లాలో కీళడి అనే ఊరుంది. 2015లో భారత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. తర్వాత తమిళనాడు పురావస్తు శాఖ కొనసాగించింది. అక్కడ దొరికిన ఒక బొగ్గు నమూనాని పరీక్షిస్తే క్రీ.పూ. 580 ప్రాంతానిదని తేలినట్టు 2019లో నివేదిక ఇచ్చారు. కాలం విషయంలో పండితుల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది. 2023లో అక్కడే ఒక మ్యూజియం కూడా తెరిచారు.

అక్కడ దొరికినవాటిలో గుండ్రటి పెంకు బిళ్ళలు వందల కొద్దీ ఉన్నాయి. పగిలిన కుండ ముక్కని తీసుకుని, అంచులు రాతి మీద అరగదీసి, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా గుండ్రంగా చేసినవి. నివేదికలో వాటిని పిల్లలు కుంటుతూ ఆడుకునే బిళ్ళలుగా చెప్పారు. మనం తొక్కుడుబిళ్ళ అంటాం. మన పక్కింటి తమిళ పిల్లలు పాండి అంటారు, ఆ బిళ్ళని సిల్లు అంటారు. తమిళంలో సిల్లు, తెలుగులో చిల్లపెంకులోని చిల్ల. ఈ రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. రెండువేల ఏళ్ళ క్రితం ఒక పాప తన అమ్మ పగలగొట్టిన కుండ ముక్కని అరగదీసుకుని ఆడుకుంది. నిన్న సాయంత్రం మన వీధిలో ఒక పాప టైల్ ముక్కతో అదే ఆట ఆడింది.

కొన్ని బిళ్ళలకి మధ్యలో చిల్లు ఉంటుంది. అలాంటివి ప్రపంచంలో చాలాచోట్ల దొరికాయి. నూలు వడికే కదురుకి అడుగున బరువుగా అవి పనికొస్తాయి. కదురు సమంగా, ఎక్కువసేపు తిరగాలంటే కింద బరువు ఉండాలి. కొత్తగా మట్టితో చేసి కాల్చడం కంటే పగిలిన పెంకుకి చిల్లు పెట్టడం తేలిక.

పెంకు మీద ఉత్తరం, పెంకు మీద ఓటు

కాగితం లేని రోజుల్లో రాసుకోవడానికి ఏది దొరికేది? మన దగ్గర తాటాకు, ఈజిప్టులో పపైరస్. పపైరస్‌కి డబ్బు పెట్టాలి. పెంకు ఊరికే దొరుకుతుంది. అందుకని ఈజిప్టులో లెక్కలు, రసీదులు, ఉత్తరాలు, పిల్లల అక్షరాభ్యాసం అన్నీ పెంకుల మీద, సున్నపురాయి పెచ్చుల మీద రాసేవాళ్ళు. రాజుల సమాధులు తవ్విన పనివాళ్ళు ఉన్న దేర్ ఎల్ మదీనా అనే ఊళ్ళో ఇలాంటివి వేల కొద్దీ దొరికాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక రాతి పెచ్చు మీద ఏముందో తెలుసా? హాజరు పట్టీ! రెండో రామ్సెస్ రాజు 40వ పాలనా సంవత్సరంలో ఏ పనివాడు ఏ రోజు రాలేదో, ఎందుకు రాలేదో రాసి ఉంది. ఒకడికి ఒంట్లో బాగోలేదు, ఒకడికి తేలు కుట్టింది. మన టీచర్ దగ్గరుండే అటెండెన్స్ రిజిస్టరు కంటే మూడువేల ఏళ్ళకి పైగా పాతది.

ఈ కథలో మన దక్షిణాది కూడా ఉంది. కీళడిలో తమిళ బ్రాహ్మి అక్షరాలు గీసిన పెంకులు 50కి పైగా దొరికాయి. వాటిమీద ఆదన్ లాంటి మనుషుల పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు గీసుకున్నవాళ్ళు రాజులు కారు. "ఈ కుండ నాది" అని గుర్తు పెట్టుకున్న మామూలు ఇంటివాళ్ళు అయి ఉండొచ్చు. ఇంకా దూరంగా, ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న కుసైర్ అల్ ఖదీమ్ అనే పాత రేవులో కూడా తమిళ బ్రాహ్మి రాసిన పెంకు ఒకటి దొరికింది. లిపి పండితుడు ఐరావతం మహదేవన్ దాన్ని "పానై ఒఱి" అని చదివారు. పానై అంటే కుండ. ఒఱి అంటే కుండని వేలాడదీసే తాళ్ళ వల, మన మాటలో ఉట్టి. సముద్రం దాటి వెళ్ళిన ఓడలో మన ఉట్టి కూడా ఉందన్నమాట.

పెంకుకి అన్నిటికంటే పెద్ద అధికారం గ్రీసు దేశంలో ఏథెన్స్ నగరంలో దక్కింది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఒక నాయకుడు మితిమీరి బలపడుతున్నాడని, నియంత అవుతాడని భయం వేస్తే పౌరులు ఓటు వేసి అతన్ని 10 సంవత్సరాలు ఊరు వదిలి పొమ్మనొచ్చు. ఓటు చీటీ పెంకే. పంపేయాల్సినవాడి పేరు పెంకు మీద గీకి వేయాలి. మొత్తం 6,000 ఓట్లు ఉంటేనే చెల్లుతుంది. వెళ్ళినవాడి ఆస్తి లాక్కోరు, గడువు అయ్యాక తిరిగి రావచ్చు. గ్రీకు భాషలో పెంకుని ఆస్ట్రకాన్ అంటారు. ఇంగ్లీషులో ఒకరిని వెలివేయడాన్ని ఆస్ట్రసైజ్ అనడం అందులోంచే వచ్చింది.

క్రీ.పూ. 482లో అరిస్టైడీజ్ అనే నాయకుడిని ఇలాగే పంపేశారు. ఆయన గురించి ప్లూటార్క్ అనే రచయిత ఒక కథ చెప్పాడు. ఓటు వేసే రోజు చదువురాని ఒక పల్లెటూరి మనిషి, ఆయన ఎవరో తెలియక, "దీనిమీద అరిస్టైడీజ్ అని రాసిపెట్టు" అని పెంకు ఇచ్చాడట. "ఆయన నీకేం చేశాడు?" అని అడిగితే, "ఏమీ చేయలేదు, ఎక్కడ చూసినా న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే విసుగేసింది" అన్నాడట. అరిస్టైడీజ్ మాట్లాడకుండా తన పేరే రాసి ఇచ్చాడట.

ఇది కథ. తవ్వకాల్లో దొరికిన ఒక నిజం దీనికంటే ఆలోచింపజేస్తుంది. ఏథెన్స్ కోట కొండ పక్కన ఒక పాత బావిలో సుమారు 190 పెంకులు ఒకేచోట దొరికాయి. అన్నిటి మీదా థెమిస్టాక్లీజ్ అనే నాయకుడి పేరే. చేతిరాత చూస్తే అవన్నీ రాసింది 14 మందే అని తేలింది. అంటే ఎవరో ముందుగానే పేరు రాసిపెట్టుకుని జనానికి పంచడానికి సిద్ధం చేశారన్నమాట. చదువురానివాళ్ళకి సాయం కోసం చేశారని ఒకరు అనొచ్చు, ఓట్లు లాగడానికి చేశారని ఇంకొకరు అనొచ్చు. మన క్లాస్ లీడర్ ఎన్నికప్పుడు చీటీలు ఎవరి చేతిరాతలో ఉన్నాయో టీచరు ఎందుకు చూస్తారో నాకు ఇది చదివాకే అర్థమైంది. రాజ్యం నడిపినవాళ్ళు ఎక్కడా రాసిపెట్టని సంగతి ఆ పెంకులు 2,400 ఏళ్ళు బావిలో దాచి మనకి చెప్పాయి.

గోడలో కలిసిన కుండ

పెంకులూ, ఇటుక ముక్కలూ దంచి పొడిచేస్తే ఇంకో గొప్ప గుణం బయటపడుతుంది. వట్టి సున్నం, ఇసక కలిపిన అడుసు గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది. తడిలో సరిగ్గా గట్టిపడదు. అందులో కాలిన మట్టి పొడి కలిపితే, ఆ పొడిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి కొత్త పదార్థం అవుతాయి. అది తడిలో కూడా గట్టిపడుతుంది, నీటిని ఆపుతుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమ్‌లో విట్రూవియస్ అనే ఇంజనీరు దీని గురించి రాశాడు. నది ఇసకకి మూడో వంతు దంచి జల్లెడ పట్టిన కాలిన మట్టి పొడి కలిపితే అడుసు బాగుంటుందని చెప్పాడు. రోమన్లు నీటి తొట్లకి, స్నానశాలలకి ఈ పూతే పూసేవాళ్ళు.

మన దేశంలో దీని పేరు సుర్కీ. మదురై వైపు పొలాలకి నీళ్ళిచ్చే ముల్లపెరియార్ ఆనకట్ట 1887 నుంచి 1895 వరకు పెన్నీక్విక్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో కట్టినది. అందులో వాడింది సున్నం, సుర్కీ. కర్ణాటకలో కావేరి మీద 1911లో మొదలైన కృష్ణరాజసాగర్ ఆనకట్టలో కూడా సుర్కీ అడుసే. దాని వెనక ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు ఆంధ్రలోని మోక్షగుండం అనే ఊరి పేరే. మనలాగే ఎప్పుడో వలస వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళ కుటుంబం వాళ్ళది.

కుమ్మరులు కూడా పెంకు పొడిని వదలరు. దంచిన పొడిని కొత్త బంకమట్టిలో కలుపుతారు. అప్పుడు కుండ ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది, ఆవంలో పగుళ్ళు తక్కువ వస్తాయి. ప్రపంచంలో చాలా దేశాల్లో వేల ఏళ్ళుగా ఉన్న పద్ధతి ఇది. కుండ మళ్ళీ మట్టి కాలేదు గానీ, ఇంకో కుండలో బలం అయింది.

రోమ్‌లో పెంకుల కొండ

ఇంత తెలివైన రోమన్లకి కూడా ఒకచోట వాడుకోవడం కుదరలేదు. రోమ్ నగరంలో మోంటే టెస్టాచియో అని ఒక కొండ ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. అది మట్టి కొండ కాదు, రాతి కొండ కాదు. అంతా పగలగొట్టిన కుండలే! స్పెయిన్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో ఆలివ్ నూనె తెచ్చిన పెద్ద కూజాలు అవి. ఒక్కో కూజాలో 70 లీటర్ల దాకా నూనె పట్టేది, ఖాళీ కూజా బరువే 30 కిలోలు. మొత్తం 5 కోట్లకి పైగా కూజాలు అక్కడ ఉంటాయని ఒక అంచనా. క్రీ.శ. 3వ శతాబ్దం వరకు అలా పేరుస్తూనే ఉన్నారు.

ఎందుకు మళ్ళీ వాడలేదు? నూనె గోడల్లోకి పీల్చుకుని వాసన కొడుతుంది, ఇంకేమీ పోయలేరు. అవి మందమైన వంపు ముక్కలుగా పగులుతాయి, నూనె పట్టి ఉంటాయి. సున్నపు అడుసులోకి అంతగా పనికిరావు. అందుకని పగలగొట్టి, వరసలు వరసలుగా పేర్చి, కంపు కొట్టకుండా సున్నం చల్లారు. తెచ్చిన వస్తువు తిన్నారు, డబ్బా మాత్రం కొండ అయింది. ఇప్పటి ప్లాస్టిక్ సీసాల కథ కూడా ఇదే కదా.

అయినా ఆ కొండ పనికిరాకుండా పోలేదు. 1872 నుంచి హైన్రిక్ డ్రెస్సెల్ అనే జర్మన్ పండితుడు దాన్ని పరిశీలించాడు. కూజాల మీద బరువు, వర్తకుడి పేరు, సుంకం వివరాలు రాసి ఉన్నాయి. రోమ్ నూనె వ్యాపారం లెక్కలన్నీ ఆ చెత్తలోంచి బయటికొచ్చాయి. అలాంటి రోమన్ కూజాల ముక్కలు మన పుదుచ్చేరి దగ్గర అరికమేడులో కూడా దొరికాయి. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వినప్పుడు ఇటలీలో చేసిన ఎర్రని పళ్ళేల ముక్కలు కనిపించాయి. ఆ పళ్ళేలు ఏ కాలంవో ముందే తెలుసు కాబట్టి, వాటితోపాటు అదే పొరలో ఉన్న మన కుండలు ఏ కాలంవో కూడా లెక్క కట్టగలిగారు. ఒక విదేశీ పెంకు మన చరిత్రకి క్యాలెండర్ అయింది.

పగుళ్ళకి బంగారం, పింగాణీకి తోట

జపాన్‌లో విరిగిన టీ గిన్నెని ఒక చెట్టు జిగురుతో అతికించి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్దే కళ ఉంది. దాన్ని కిన్‌త్సుగి అంటారు. పగులుని దాచకుండా అందరికీ కనిపించేలా చేస్తారు.

మన దేశంలో ఇంతకంటే పెద్ద పని చేసిన మనిషి నేక్ చంద్. దేశ విభజనలో సొంత ఊరు పోగొట్టుకుని వచ్చి, చండీగఢ్‌లో రోడ్డు ఇన్స్పెక్టరుగా పనిచేసేవాడు. కొత్త నగరం కోసం పాత ఊళ్ళని పడగొట్టినప్పుడు మిగిలిన పగిలిన పింగాణీ, టైల్స్, గాజు ముక్కలు సైకిల్ మీద తెచ్చుకుని, అడవిలో ఒకచోట రహస్యంగా బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. 1970లలో అధికారుల కంటపడింది. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా కట్టినది కాబట్టి పడగొట్టొచ్చు. కానీ ఉంచారు. 1976లో ప్రజలకి తెరిచారు. 1984లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2015లో ఆయన చనిపోయినా రాక్ గార్డెన్ ఇంకా ఉంది. ఊరు పోగొట్టుకున్న మనిషి, పోయిన ఊళ్ళ ముక్కలతో అంత పెద్ద తోట కట్టాడు.

ఏది వాడాలి, ఏది ముట్టకూడదు?

ఇక్కడిదాకా చదివి "సరే, పెంకు ఎక్కడ కనిపించినా తెచ్చి వాడేద్దాం" అనుకోకండి. వాడుకోవడం కూడా ఒక్కోసారి పెద్ద నష్టం చేస్తుంది. 19వ శతాబ్దంలో లాహోర్ నుంచి ముల్తాన్‌కి రైలుమార్గం వేసేటప్పుడు కాంట్రాక్టర్లకి కంకర కావాల్సి వచ్చింది. హరప్పా దిబ్బలో మంచి కాలిన ఇటుకలు కనిపించాయి. తవ్వుకుపోయారు. సుమారు 160 కిలోమీటర్ల రైలు పట్టాల కింద ఆ ఇటుకలే పరిచారు. అవి నాలుగువేల ఏళ్ళనాటివని అప్పుడు ఎవరికీ తెలియదు. సింధు నాగరికత సంగతి 1924లో లోకానికి తెలిసేసరికి హరప్పాలో చాలా భాగం పట్టాల కిందికి వెళ్ళిపోయింది. మన అమరావతి స్తూపానికీ అలాగే జరిగింది. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే కొత్త ఊరు కట్టడానికి దిబ్బలోని ఇటుకలు, రాళ్ళు తవ్వుకుపోతున్నారు.

పొలంలో దొరికిన పాత పెంకు ఎక్కడ, ఏ లోతులో, దేని పక్కన ఉందన్నదే దాని విలువ. ఇంటికి తెచ్చి షెల్ఫ్‌లో పెడితే అది వట్టి పెంకు అయిపోతుంది. అక్కడే ఉంటే తెలిసినవాళ్ళు చూసి చాలా చెప్పగలరు. ఉదాహరణకి, మూతి అంచు ముక్క చిన్నది దొరికినా దాని వంపుని బట్టి కుండ మూతి ఎంత వెడల్పో లెక్కకట్టొచ్చు. జామెట్రీలో చాపం మీద మూడు బిందువులు తెలిస్తే వృత్తం గీయొచ్చని నేర్చుకున్నాం కదా, అదే లెక్క.

కాబట్టి నాకు తోచిన పద్ధతి ఇది. చెరువు గట్టు మీదో, దిబ్బ మీదో, దున్నిన పొలంలోనో నల్లగా, ఎర్రగా నున్నటి పాత పెంకులు గుంపుగా కనిపిస్తే ముట్టకూడదు. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని చరిత్ర టీచరుకి చెప్పాలి. వాళ్ళు పురావస్తు శాఖకి తెలియజేస్తారు. మన ఇంట్లో మొన్న పగిలిన కుండ, కప్పు, టైల్ మాత్రం మన ఇష్టం. వాటిని చెత్తబండిలో వేసేముందు ఒకసారి ఆలోచించాలి. తొట్టి అడుగున వేయొచ్చు. తోట దారిలో పరవొచ్చు. పెద్దవాళ్ళ సాయంతో, చేతికి తొడుగు వేసుకుని, సిమెంటులో పొదిగి బడి గోడ మీద బొమ్మ చేయొచ్చు. అంచులు కోసుకుంటాయి కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. పగుళ్ళు వచ్చిన రంగు పింగాణీలో తిండి పెట్టకపోవడం మంచిది. పాత మెరుపు పూతల్లో సీసం ఉండొచ్చు.

చివరిగా మిత్రులకి ఒక మాట. ఈ సెలవుల్లో మీ అవ్వనో, అమ్మమ్మనో, తాతనో కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో ఎన్నిరకాల మట్టి పాత్రలు ఉండేవి, వాటిని ఏమేమి అనేవాళ్ళు, పగిలితే దేనికి వాడేవాళ్ళు అని అడగండి. వాళ్ళు చెప్పిన ప్రతి పేరూ ఒక నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో రాయండి. బడి తెరిచాక అందరివీ కలిపితే మంచి పట్టిక అవుతుంది. హరప్పా ఇటుకల్లాగా అవి కూడా మనకి తెలియకుండానే పోకముందే ఆ పని చేద్దాం.